శోకం పెట్టి ఏడ్చినందుకు

మా చెల్లెలికి జబ్బు చెయ్యలేదని నేను ఎవరి ముందూ అనలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజుల్లో నాతో వాదనకు దిగినవాళ్లంతా అక్కడి నుంచే మొదలుపెట్టేవాళ్లు. "నీ తోబుట్టువు కాబట్టి వెనకేసుకొస్తున్నావు" అనేవాళ్లు. జబ్బు చేసింది. మగబిడ్డ పుట్టి పురిట్లోనే పోయాక రెండు మూడు నెలలపాటు దానికి మతి నిలకడ లేదు. టైఫాయిడ్ వచ్చి తగ్గిన మనిషిని జీవితాంతం టైఫాయిడ్ మనిషి అంటామా? మతికి జబ్బు చేస్తే మాత్రం అది తగ్గినా తగ్గినట్టు ఎవరూ ఒప్పుకోరు. నా వాదన ఇంతే. కులపెద్దల ముందు తెలుగులో చెప్పాను, జడ్జీ ముందు ఇంగ్లీషులో చెప్పాను. రెండు చోట్లా కొట్టిపారేశారు. జడ్జీ కాస్త మర్యాదగా కొట్టిపారేశాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు. నేను మద్రాసులో బి.ఏ. చదివి వచ్చి నరసరావుపేటలో ఆడపిల్లల స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తలకొక జవాబు చెప్పేదాన్ని. అమ్మ మా చిన్నతనంలో పోయింది, నాన్న నా చదువు కాగానే పోయాడు. మిగిలింది నేనూ, చెల్లెలూ. దాన్ని కారంపూడి అవతల ఒక మెట్ట ఊళ్లో ఇచ్చాం. జొన్న, పత్తి, మిరప పండించే ఇల్లు. తినడానికి లోటు లేదు. మొదటి కాన్పులో ఆడపిల్ల. దానికి రెండేళ్లు దాటాక ఈ మగబిడ్డ.

బిడ్డ పోయినట్టు కబురు అందింది గాని, చెల్లెలి సంగతి ఎవరూ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఆ ఊరి నుంచి పత్తి తోలుకుని పేట వచ్చిన ఒకాయన బజారులో కనపడి, "మీ చెల్లెలికి గాలి సోకిందంటగా టీచరమ్మా, మీకు తెలవదా?" అన్నాడు. స్కూలుకు సెలవు చెప్పి గురజాలలో రైలు దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వెళ్లాను.

చెల్లెలి అత్త వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చావా అమ్మాయ్. కూకో. మంచినీళ్లు తాగు."

"అది ఏదత్తా?"

"గొడ్లసావిట్లో ఉంది."

"గొడ్లసావిట్లో ఏం చేస్తోంది?"

"కట్టేశాం."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదంటే, నేను గేదె సంగతి చెప్తోందేమో అనుకున్నాను. సావిట్లోకి వెళ్లి చూశాను. గుంజకు పాత చీరతో కట్టి ఉంది. చీర కింద మణికట్టు ఒరుసుకుపోకుండా గుడ్డ చుట్టారు. పక్కనే అన్నం గిన్నె, నీళ్ల చెంబు. జుట్టుకు నూనె రాశారు కూడా. నన్ను చూసి గుర్తుపట్టింది. "అక్కా, వాడికి ఉయ్యాల వెయ్యాలి, విప్పమను" అంది.

నేను ఊరంతా వినపడేలా అరిచాను. అత్త మిరపకాయల చాట పక్కన పెట్టి నా ముందు నిలబడింది.

"ఊరికే అరవబాకు. బాయి కాడికి పోతంది. రెండుసార్లు పట్టుకొచ్చాం. చెయ్యి నొవ్వకుండా గుడ్డేసి కట్టా. నీ చెల్లెల్ని చంపటానికి కట్టామనుకున్నావా ఏంది?"

"ఆస్పత్రికి తీసుకెళ్లాలని తోచలేదా?"

"గాలికి ఆస్పత్రేందమ్మా!"

ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. కట్టెయ్యక ముందు చెల్లెలు రుబ్బురోలు పొత్రాన్ని తెచ్చి ఉయ్యాల్లో పెట్టి ఊపేదట. "రాయిని ఊపుతా జోలలు పాడిద్దమ్మా. చూసి మా గుండె ఆగిపోయింది" అంది.

మా ప్రాంతంలో ఉయ్యాల వేడుక నాడు బిడ్డను వెయ్యబోయే ముందు పొత్రం పెట్టి ఊపుతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. ఆ తర్వాత రాయి తీసి బిడ్డను వేస్తారు. ఈ బిడ్డ ఆ వేడుక దాకా బతకలేదు. చెల్లెలు మొదటి సగం చేసి రెండో సగం దగ్గర ఆగిపోయింది. అది జబ్బే. ఆ జబ్బు ఎక్కడ పుట్టిందో ఆ ఇంట్లో ఆడవాళ్లకు తెలియకపోవడమే నాకు వింత.

మా మరిది, చెల్లెలి మొగుడు, పొలం నుంచి వచ్చాడు. కోపిష్టి కాదు, చెడ్డవాడూ కాదు. భయస్తుడు. "తీసకపో వదినా. నయమైతే చూద్దాం" అన్నాడు. పిల్లను మాత్రం పంపనన్నాడు. "తల్లి ఇట్టా ఉంటే పిల్లనెట్టా పంపేది?" అన్నాడు. ఆ రోజుకు ఆ మాట నాకూ సబబుగానే తోచింది.

పేటలో ఒక మిషన్ డాక్టరమ్మ మందిచ్చింది. మందు కన్నా నిద్రే ఎక్కువ పని చేసిందని ఆమే అన్నది. కాన్పు తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, చాలామందికి తగ్గిపోతుందనీ చెప్పింది. చెల్లెలు మొదట పగలూ రాత్రీ పడుకుంది. తర్వాత లేచి కూర్చుంది. తర్వాత బియ్యంలో రాళ్లు ఏరింది. ఒక పొద్దున నేను స్కూలుకు పోతుంటే గుమ్మంలోకి వచ్చి, "అక్కా, పిల్లకి తల దువ్వుతున్నారో లేదో" అంది. ఆ మాటతో దానికి తగ్గిందని నాకు తెలిసింది.

తగ్గిందని కబురు పంపాను. బదులుగా విడాకుల పంచాయితీకి రమ్మని కబురు వచ్చింది.

మా కులంలో విడాకులకు కోర్టు అక్కర్లేదు. పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేస్తే చాలు. ఇప్పటి చదువుకున్నవాళ్లు అదేదో గొప్ప స్వాతంత్ర్యం అంటున్నారు. నేను దాన్ని దగ్గర నుంచి చూశాను. ఒక పెద్ద రైతు అరుగు మీద అయిదారుగురు కూర్చున్నారు. చెల్లెల్ని కింద, ఒక వారగా కూర్చోబెట్టారు. ఆమె అక్కడ ఉండగానే ఆమె లేనట్టు మాట్లాడారు. ఒకాయన నన్ను, "మీ వంశంలో ఇంకెవరికన్నా ఉందా అమ్మా ఈ తిక్క?" అని అడిగాడు.

"నాకుంది. అందుకే ఇంత దూరం వచ్చి మీతో మాట్లాడుతున్నాను" అన్నాను.

"చూశారా, ఆడదానికి చదువు చెప్పిస్తే ఇట్టానే ఉంటది" అన్నాడాయన, మిగతావాళ్లను చూసి.

"దాన్నే అడగండి. తగ్గిందో లేదో దాన్నే అడగండి. మీ ఎదురుగ్గా కూర్చుంది."

ఎవరూ అడగలేదు. పిచ్చిదాన్ని పిచ్చి ఉందా అని అడిగితే లేదనే అంటుంది కదా అని ఒకాయన నవ్వాడు. తెగతెంపులకు గుర్తుగా మొగుడూ పెళ్లాలకు ఒక ఎండు పుల్లను చెరో కొసా పట్టించి విరిపించారు. చెల్లెలు తన కొస చేతిలోనే పట్టుకుని, "మరి పిల్ల?" అంది. పంచాయితీ మొత్తంలో అది మాట్లాడింది ఆ రెండు మాటలే.

మా మరిది తల వంచుకుని, "పిచ్చిదాని చేతుల్లో పెరిగిందంటే రేపు దానికి పెళ్లెట్టా అయిద్ది?" అన్నాడు. పెద్దలు తలలు ఊపారు. నెల తిరక్కుండా అతను మళ్లీ పెళ్లి చేసుకున్నాడు.

కోర్టుకు ఎక్కుదామన్నది నేనే. చెల్లెలికి కావలసింది ఒక్కటే, పిల్ల. అరుగు మీద కూర్చున్నవాళ్లకు చదువు లేదు, కోర్టులో కూర్చునేవాళ్లకు ఉంటుంది, వాళ్లతో మాట్లాడవచ్చు అనుకున్నాను. నరసరావుపేటలోనే ప్లీడరును పెట్టాను. పిల్లను తల్లికి ఇప్పించమని మా అర్జీ. ఆమెకు మతి చెడిందని వాళ్ల జవాబు. ఉయ్యాల్లో రాయి సంగతి అందులో మొదటి ఆరోపణ. జడ్జీ అరవ దేశం నుంచి కొత్తగా వచ్చినవాడు. ఆయనకు తెలిసిన తెలుగు కూరగాయలు బేరమాడేటంత. గవర్నమెంటు ఆస్పత్రి డాక్టరు చేత పరీక్ష చేయించి రిపోర్టు తెప్పించమన్నాడు. ఆ డాక్టరుదీ ఆ దేశమే.

పరీక్ష నాడు నన్ను గది బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు వారగా తీసే ఉంది. డాక్టరు ఇంగ్లీషులో అడుగుతున్నాడు, మా ఊరి కాంపౌండరు తెలుగులో చెప్తున్నాడు. పేరు, ఊరు, ఏ రోజు, ఏ నెల. చెల్లెలు అన్నిటికీ సరిగ్గా చెప్పింది. ఎడ్లకూ గేదెలకూ తేడా ఏమిటని అడిగితే, "అదేందయ్యా, డాక్టరుగారికి తెలవదా?" అని నవ్వింది కూడా.

"పిల్లలెందరు?" అన్నాడు కాంపౌండరు.

"ఇద్దరు. ఒక ఆడపిల్ల. ఒకడు..."

అక్కడ ఆగింది. తర్వాత శోకం ఎత్తుకుంది.

"అమ్మా... ఓ యమ్మా... నీ ఒళ్లోకి వచ్చాడా అమ్మా నా కొడుకు... పాలకేడుస్తన్నాడా అమ్మా నా తండ్రీ... ఉన్న పిల్లని నాకియ్యటంలా అమ్మా... ఒక్కసారి లేచి రావే అమ్మా... నా పిల్లని ఇప్పించి పోవే అమ్మా..."

శోకం పెట్టి ఏడవడం అంటే మా వైపు ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ఆడది గొంతెత్తి, మాట మీద మాట అల్లి, పోయినవాళ్లను పేరు పేరునా పిలిచి, తన కష్టమంతా చెప్పుకుంటూ ఏడుస్తుంది. చావు ఇంట్లోనే కాదు, మొగుడు కొట్టినా, పంట పోయినా, పుట్టింటివాళ్లు చీర పెట్టకపోయినా ఏడుస్తుంది. ఏడ్చాక ముక్కు చీది పొయ్యి రాజేస్తుంది. చెల్లెలు ఏడుస్తుంటే నేను బెంచీ మీద కూర్చుని, మంచిదే, డాక్టరు మనసు కరుగుతుంది అనుకున్నాను. కాసేపటికి అది బయటికి వచ్చి, మొహం కడుక్కుని, "ఆకలేస్తంది అక్కా" అంది. ఇద్దరం ఇంటికెళ్లి జొన్నన్నం తిన్నాం.

రిపోర్టు కోర్టులో చదివిన రోజు హాలు నిండా జనం. మా మరిది వైపు బంధువులు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు, ముందు చెల్లెలి అత్త, ఆ ముసలావిడ. చదివింది ఇంగ్లీషులో. ప్లీడర్లు కాక అక్కడున్న మావాళ్లలో అది అర్థమైంది నా ఒక్కదానికే. ఆమె చనిపోయిన తల్లితో సంభాషిస్తుంది. చనిపోయిన బిడ్డ ఆ తల్లి ఒడిలో సజీవంగా ఉన్నాడని నమ్ముతుంది. బిడ్డ ఏడుపు ఆమెకు వినిపిస్తోంది. మృతురాలిని లేచి రమ్మని ఆజ్ఞాపిస్తుంది. పిల్లను ఇప్పించే శక్తి మృతురాలికి ఉందని నమ్ముతుంది.

కాంపౌండరు వంక చూశాను. రిపోర్టు తెచ్చినవాడు అతనే, తలుపు దగ్గర నిలబడ్డాడు. తర్వాత వరండాలో పట్టుకుని నిలదీస్తే, "నేనేం కల్పించలేదమ్మా. ఆమె అన్నది అన్నట్టే మాటకు మాట చెప్పా" అన్నాడు. వాళ్ల అమ్మ కూడా అలాగే ఏడుస్తుంది, అతనికి తెలుసు. ఆ సంగతి డాక్టరుతో చెప్పాలని మాత్రం తోచలేదట, అడగలేదు గనక.

నేను లేచి నిలబడ్డాను. మా ప్లీడరు కూర్చోమని సైగ చేశాడు. లెక్కచెయ్యకుండా ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఇది పిచ్చి కాదు, ఈ ప్రాంతంలో ఏడుపే ఇలా ఉంటుంది, మీ డాక్టరు ఏడుపును తర్జుమా చేయించాడు, పిచ్చిని పరీక్ష చెయ్యలేదు అన్నాను. జడ్జీ కోప్పడలేదు. కళ్లజోడు తీసి నా వంక చూసి, నేనెవరో, ఏం చదివానో అడిగాడు. చెప్పాను.

"నువ్వు కూడా అలా ఏడుస్తావా?" అన్నాడు.

"లేదు. నాకు ఏడుపు రాదు. కోపం వస్తుంది."

ఆయన చిన్నగా నవ్వి ఏదో రాసుకున్నాడు. తర్వాత, నా మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కాబోలు, వెనక గోడ దగ్గరున్న ముసలావిడను బోనులోకి పిలిపించాడు. అక్కడ ఏం జరుగుతోందో ఆమెకు తెలియదు. వాళ్ల ప్లీడరు సైగ చేస్తున్నాడు గాని, ఆమె అతని వంక చూడలేదు. గుమాస్తా తెలుగులో అడిగాడు.

"నీ ఇంట్లో ఎవరన్నా పోయారామ్మా?"

"మా ఆయన పోయాడు."

"ఏడ్చావా?"

"ఏడవనా మరి? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమని ఏడ్చావు?"

"ఏమనేంది? నన్నొదిలి యాడికి పోయావయ్యా, లేచిరావయ్యా, ఎడ్లకి మేత ఎవరేస్తారయ్యా అని ఏడ్చా. మాటల్లేకండా ఏడిస్తే అదేం ఏడుపు? గొడ్డు అరిచినట్టుంటది."

"చచ్చిపోయిన మనిషితో మాట్లాడావా?"

"మాట్లాడా. ఇప్పటికీ కష్టమొస్తే మాట్లాడతా."

"ఆయన పలుకుతాడా?"

"బతికున్నప్పుడే పలికేవాడు కాదయ్యా. చచ్చాక ఏం పలుకుతాడు!"

హాలంతా గొల్లున నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. వాళ్ల ప్లీడరు తల పట్టుకున్నాడు. నేను చెల్లెలి చెయ్యి గట్టిగా నొక్కాను. గెలిచాం అనుకున్నాను. బయటికొచ్చాక ముసలావిడ నన్ను ఆపి, "ఏందమ్మా, అంతా నవ్వారు, నేను తప్పేమన్నా చెప్పానా?" అంది. "నిజం చెప్పావత్తా. చానా సాయం చేశావు" అన్నాను.

తీర్పు రోజున పిల్లను కూడా తీసుకురమ్మన్నారు. పరికిణీ కట్టి, జుట్టు గట్టిగా లాగి జడ వేసి తెచ్చారు. చెల్లెలు వరండా స్తంభం పక్క నుంచి దాని జడనే చూస్తోంది.

జడ్జీ చదివాడు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లను చూసేది నాయనమ్మ. ఆ నాయనమ్మ చనిపోయిన భర్తతో మాట్లాడుతున్నట్టు కోర్టు ముందే ఒప్పుకుంది. తల్లి సంగతి డాక్టరు రిపోర్టులో ఉంది. ఈ రెండు కుటుంబాల్లోనూ ఇటువంటి ఉద్రేకాలకు లోబడని, చదువూ ఉద్యోగమూ ఉన్న మనిషి ఒక్కతే కనపడుతోంది. పిల్ల పెద్దమ్మ. అందుకని ఆమెను పిల్లకు గార్డియన్‌గా నియమించడమైనది. తల్లి ఆ ఇంట్లోనే ఉండవచ్చు గాని, పిల్లను ఆమె ఒక్కదాని చేతుల్లో వదలకూడదు. ఏడాది తర్వాత మళ్లీ డాక్టరు చూసి చెప్పాలి.

చదవడం అయిపోయింది. నేను అడగనిది, నాకు అక్కర్లేనిది, నా చెల్లెలి కడుపున పుట్టినదాన్ని, ఇంగ్లీషు మాట్లాడినందుకూ ఏడవనందుకూ నాకు ఇచ్చారు. నేను మొత్తుకున్న మాటలన్నీ వాళ్లు విన్నారు. విని, ఈ ఊళ్లో ఆడవాళ్లందరికీ మతి లేదని తేల్చుకున్నారు.

తీర్పును మా ప్లీడరు తెలుగులో చెప్పాడు. పిల్లను తెచ్చి నా పక్కన నిలబెట్టారు. అది నన్ను మరిచిపోయింది, పరాయిదానిలా చూసింది. ముసలావిడ నా ముందుకు వచ్చింది.

"ఏమ్మా బి.ఏ. చదివినదానా, పిల్ల కోసం కోర్టుకెక్కింది నువ్వా, నీ చెల్లెలా?"

"నేను అడగలేదత్తా."

"అడక్కపోతే ఇస్తారా ఏంది? మాకు తెలవదా?"

అప్పుడు చెల్లెలు కల్పించుకుంది. "అత్తా, ఊరుకో. అక్క ఇంట్లోనేగా నేనుండేది" అంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "అక్కా, ఎత్తుకోవచ్చా?" అని అడిగింది.

నన్ను అడిగింది. కన్నది నన్ను అడిగింది. వరండాలో అంతమంది మధ్య నేను తల ఊపాను. ఊపాల్సి వచ్చింది.

ఆ ఏడాది మా ఇంట్లో ఏ చిన్న పని చెయ్యాలన్నా చెల్లెలు అడిగే చేసింది. "అక్కా, దీనికి తలంటనా?" "అక్కా, అన్నం పెట్టనా?" "అక్కా, బజారుదాకా తీసకపోయి వస్తా, ఎదురింటి బీబమ్మని తోడు రమ్మంటా." నేను మొదట బతిమాలాను. "ఏమే, నీ పిల్లే, నన్నెందుకు అడుగుతావు?" అంటే, "ఎవరన్నా చూసి చెప్తే?" అనేది. తర్వాత తిట్టాను. తిట్టినా అడగడం మానలేదు. నేను స్కూలుకు పోయే వేళకు పిల్లను బీబమ్మ ఇంట్లో దిగబెట్టి, తను మా గుమ్మంలో కూర్చుని బీబమ్మ వాకిట్లో ఆడుకుంటున్న కూతుర్ని చూస్తూ ఉండేది. బీబమ్మ ఒకసారి నాతో, "ఏం కోర్టమ్మా మీది, తల్లి ఒక గుమ్మంలో, బిడ్డ ఒక గుమ్మంలోనా!" అంది. కోర్టు నాదైనట్టు.

ఇంకో సంగతి నేను ఆలస్యంగా గమనించాను. అది ఏడవడం మానేసింది. అమ్మ తద్దినం నాడు ఏడవలేదు. వీధిలో చావు జరిగితే అందరూ వెళ్లారు, అది వెళ్లలేదు. వెళ్తే గొంతు కలపాలి గదా. పిల్లకు ధనుర్వాతమేమోనని అందరం హడలిపోయిన జ్వరంలో కూడా తడిగుడ్డ మార్చుతూ పళ్లు బిగించి కూర్చుంది. పక్కింటివాళ్లు మెచ్చుకున్నారు. చెల్లెలు బాగా కోలుకుంది, ఎంత నిబ్బరం అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను కొన్నాళ్లు.

నాయనమ్మ మాత్రం అప్పుడప్పుడు జొన్నలో, కంది పప్పో మూటకట్టుకుని మనవరాల్ని చూడటానికి వచ్చేది. నన్ను నాలుగు మాటలని, నా చేత నాలుగు మాటలనిపించుకుని, మాతోపాటు అన్నం తిని సాయంత్రం బండికి పోయేది. ఆమె మాకు చేసిందేమిటో నేను మరవలేదు. అయినా ఆమె వస్తే ఇంట్లో కాస్త గాలి ఆడినట్టుండేది.

దేశానికి స్వరాజ్యం వచ్చింది. జడ్జీ బదిలీ అయ్యాడు. డాక్టరు ఆయనే. రెండో పరీక్ష నాటికి ముసలావిడ ఊళ్లోనే ఉంది, మాతో ఆస్పత్రికి వచ్చింది. ఈసారి తలుపు పూర్తిగా తెరిచే పెట్టారు. ఇద్దరం బెంచీ మీద నుంచి చూస్తూ కూర్చున్నాం. పిల్ల ముసలావిడ ఒళ్లో ఉంది. ఆ కాంపౌండరే, ఆ ప్రశ్నలే.

"పిల్లలెందరు?"

"ఇద్దరు పుట్టారు. ఒకతి ఉంది. ఒకడు పోయాడు."

"ఎట్లా పోయాడు?"

"పురిట్లో."

"మీ అమ్మ గుర్తొస్తుందా?"

"చచ్చిపోయినవాళ్లు గుర్తొచ్చి ఏం ఉపయోగమండీ."

రేషను షాపులో పంచదార లేదని చెప్పినట్టు చెప్పింది. కంట్లో తడి లేదు. గొంతులో వణుకు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది. డాక్టరు మొహం విప్పారింది. బయటికి వచ్చి నాతో ఇంగ్లీషులో, సంపూర్ణంగా నయమైందనీ, నా సంరక్షణ వల్లే ఇది సాధ్యమైందనీ అభినందించాడు. ఇక పిల్లను తల్లికే అప్పగించమని రాస్తానన్నాడు.

నేను ఆయనకు థాంక్స్ చెప్పాలి. నోరు తెరిచాను గాని, పక్క నుంచి ముసలావిడ నా జబ్బ పట్టుకుంది.

"అమ్మాయ్, ఏందది? కడుపున పుట్టినోడి మాటెత్తితే చుక్క రాలలా. కన్నతల్లిని అట్టా అనింది. ఏం చేశారే దాన్ని?"

"నయమైందంటున్నాడత్తా."

"నయమా! ఆనాడు రాయిని ఊపిందే, అప్పుడు నేను ఇంత భయపళ్లా. ఇయ్యాల పట్టిందే దానికి, అసలు పిచ్చి ఇయ్యాల పట్టింది. డాక్టరుకి చెప్పు. నీకు ఇంగ్లీసు వచ్చుగా, చెప్పవే!"

డాక్టరు, ఆమె ఏమంటోంది అని నన్ను అడిగాడు. ఈ ఒక్క విషయంలో నేనూ ఆమె వైపే. ఆ మాట ఇంగ్లీషులో చెప్తే పిల్ల పోతుంది. "కోడలికి నయమైనందుకు సంతోషిస్తోంది" అన్నాను. ఆయన ఆమెకు నమస్కారం పెట్టాడు. ఆమె తిరిగి పెట్టలేదు.

కొద్ది రోజులకు కోర్టు ఆర్డరు వచ్చింది. గార్డియన్ పేరు మార్చి తల్లి పేరు రాశారు. కోర్టు నుంచి ఇంటికి నడిచి వస్తున్నాం. పిల్ల మా ఇద్దరి మధ్యా నడుస్తోంది. నేను సంతోషంగా ఉన్నట్టు కనపడాలని ఏదేదో మాట్లాడుతున్నాను. బజారు దాటాక చెల్లెలు అడిగింది.

"అక్కా, దీన్ని మళ్లీ తీసేసుకోవచ్చా వాళ్లు?"

"ఎందుకు తీసుకుంటారే?"

"ఎవరన్నా పోయి చెప్తే. మళ్లీ మొదలయ్యిందని."

దానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "అర్జీ పెడితే కోర్టు వినవచ్చు" అన్నాను.

"ఎంతకాలం?"

"పిల్ల మేజరయ్యేదాకా. కోర్టు గార్డియన్ను పెట్టిన పిల్లకు ఇరవై ఒకటి నిండాలి."

అది నడుస్తూనే పిల్ల వంక చూసింది. దానికి నాలుగేళ్లు దాటుతున్నాయి. లెక్క చూసుకున్నట్టుంది. చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని, పిల్లను ఎత్తుకుని చంకనేసుకుంది. ఈసారి నన్ను అడగలేదు.

"సరేలే అక్కా," అంది, "అప్పుడే ఏడుస్తాలే."